మూడో నిబంధన పనితనం

జరిగిన హత్యకు శిక్ష చెప్పే సెక్షన్లు మన చట్టాల్లో కావలసినన్ని ఉన్నాయి. జరగబోయేదాన్ని ముందే చూసి అడ్డుపడమని సర్కారుకు పని పురమాయించేవి వేళ్ళ మీద లెక్కపెట్టాలి. వాటిలో బాగా చెక్కిన ఒకదాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995 మార్చి 31న వచ్చిన నిబంధనల్లో అది మూడోది. పదకొండు అంశాలు, అచ్చులో మహా అయితే ఒక పేజీ. రాసినవాళ్ళ పేరు దాని మీద ఉండదు. వకీళ్ళు కూడా దాన్ని పెద్దగా తిరగేయరు. కేసు కోర్టు మెట్లెక్కే సమయానికి ఆ నిబంధన చేయాల్సిన పని అయినా అయిపోయి ఉంటుంది, తప్పిపోయి అయినా ఉంటుంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం దాన్ని చదివితే మాత్రం ఒక్కో వాక్యం దగ్గరా ఆగాల్సి వస్తుంది. ఇక్కడి నుంచి ఒకవైపు పోతే, తెనాలి దాటాక రైలుమార్గం మీద చుండూరు. ఇంకోవైపు పొన్నూరు, బాపట్ల మీదుగా పోతే చీరాల పక్కన కారంచేడు. దేశమంతటికీ రాసిన నిబంధనే అయినా, ఈ రెండు ఊళ్ళు తెలిసినవాళ్ళకు అది తమ ఇంటి దగ్గర జరిగినదాన్ని వెనక నుంచి ముందుకు చదివి రాసినట్టు అనిపిస్తుంది.

కారంచేడు సంగతి క్లుప్తంగా చెబుతాను, అది చాలామందికి తెలిసిందే. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. మొదలు తాగునీటి చెరువు దగ్గర. ఆ నీళ్ళు పాడుచేయొద్దని అడిగినందుకు వచ్చిన గొడవ తెల్లారేసరికి ఊరుమ్మడి దాడి అయింది. బతికి బయటపడ్డవాళ్ళు చీరాలకు చేరారు. పొన్నూరులో పాఠాలు చెప్పే కత్తి పద్మారావు, హైదరాబాదు వకీలు బొజ్జా తారకం ముందుండగా దళిత మహాసభ పుట్టింది. పౌరహక్కుల రక్షణ చట్టం చాలదని, అంతకంటే గట్టిది కావాలని ఢిల్లీ దాకా వినిపించేలా అడిగినవాళ్ళలో మనవాళ్ళున్నారు. 1989లో పార్లమెంటు చేసిన చట్టం 1990 జనవరి 30 నుంచి అమలైంది. దాని వెనక కృషి చేసినవాళ్ళలో పి.ఎస్.కృష్ణన్ పేరు ముందు చెప్పాలి. కేరళలో పుట్టినా 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ కేడర్ అధికారి. పల్లెలకు వెళ్ళినప్పుడు దళితవాడలో మకాం పెట్టి అక్కడే ఆఫీసు నడిపిన మనిషి.

ఆ చట్టం వచ్చిన ఏడాదిన్నరకు చుండూరు జరిగింది.

చుండూరు దగ్గర కాసేపు ఆగుదాం. 1991 జూలై మొదట్లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట మీద గొడవ మొదలైంది. దళిత యువకుడి కాలు ముందు వరసలో కూర్చున్న పెద్దకులం కుర్రాడికి తగిలింది. ఆ తర్వాత దాడి, దాని వెంట వెలి. చుండూరు దళితుల్లో చదువుకున్నవాళ్ళు, రైల్వేలో, ఇతర ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఉన్నారు. తలవంచుకుని పక్కకు తప్పుకునే అలవాటు తగ్గింది. కాలు తగలడం వంక మాత్రమేనని అప్పట్లో ఆ ఊరు వెళ్ళి వచ్చినవాళ్ళు రాశారు. డెల్టాలో జూలై అంటే నారుమళ్ళ రోజులు, వెంటనే నాట్లు. ఆ రోజుల్లో కూలికి పిలవకపోతే ఏడాది తిండికి గండి పడినట్టే. వెలి పడ్డ దళితులు వేరే ఊళ్ళకు పనికి పోయారు. అధికారులు 144వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు పెట్టారు. పోలీసు పికెట్ పెట్టారు. ఆగస్టు 6న పోలీసుల కళ్ళెదుటే దళితుల పల్లెలో కలకలం లేచింది. పారిపొమ్మని పోలీసులే చెప్పారని బాధితులు తర్వాత చెప్పారు. పొలాలకు అడ్డంపడి పరుగెత్తినవాళ్ళను అక్కడ కాచుకుని ఉన్న గుంపులు పట్టుకున్నాయి. ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో, కాలువల్లో పడేశారు.

నెల రోజులు. ఆ నెలలో జరిగినదేదీ రహస్యం కాదు. వెలి వేసిన సంగతి ఊరందరికీ తెలుసు, తెనాలికి తెలుసు, గుంటూరు కలెక్టరాఫీసుకు తెలుసు. తెలియకపోతే 144 ఎందుకు పెడతారు? ప్రమాదం ఉందని సర్కారుకు తెలిసింది. దాన్ని కొలిచే పద్ధతే లేకపోయింది. చట్టంలో 17వ సెక్షన్ అప్పటికే ఉంది. ఒక వర్గం అత్యాచారానికి దిగబోతోందని నమ్మడానికి కారణం కనిపిస్తే ఆ చోటును అత్యాచారాలు జరిగే ప్రాంతంగా ప్రకటించి ముందస్తు చర్యలు తీసుకునే అధికారం మేజిస్ట్రేటుకు, డీఎస్పీకి తగ్గని పోలీసు అధికారికి అది ఇచ్చింది. అయితే అది తీసుకోవచ్చు అనే మాట. ఎవరు ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో చెప్పే నిబంధనలు రావడానికి ఇంకో మూడున్నరేళ్ళు పట్టింది.

ఇప్పుడు నిబంధన దగ్గరికి వద్దాం.

మొదటి అంశం రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పే పని: అత్యాచారం జరగవచ్చని నమ్మడానికి కారణం ఉన్న ప్రాంతాన్ని, ఒకసారి జరిగి మళ్ళీ జరుగుతుందన్న భయం ఉన్న ప్రాంతాన్ని గుర్తించాలి. చూడటానికి మామూలు వాక్యం. ఇందులో ముందు గమనించాల్సింది, ఇది ఫిర్యాదు అడగదు. బాధపడబోయేవాడు స్టేషనుకు వచ్చి అర్జీ రాసి ఇవ్వాలన్న షరతు ఎక్కడా లేదు. వెలిలో ఉన్న పల్లె నుంచి స్టేషనుకు నడిచి వెళ్ళడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు రాసిన వాక్యం ఇది. ఇంకొకటి, ఇది గుర్తించమనేది మనుషులను కాదు, చోటును. మన రెవెన్యూ, పోలీసు యంత్రాంగానికి అలవాటైన బైండోవర్ పద్ధతి మనిషి మీద నడుస్తుంది. ఫలానా పేరు గలవాడు, ఫలానా తండ్రి పేరు, సత్ప్రవర్తనకు పూచీకత్తు. గుంపు హింస అలా నడవదు. అందులో నిన్నటిదాకా పోలీసు రికార్డుకు ఎక్కని మనిషి కూడా గొడ్డలి పడతాడు. ప్రమాదం మనిషిలో కంటే ఆ ఊరి సంబంధాల్లో ఎక్కువ ఉంటుందని పట్టుకోవడం ఈ నిబంధనలో మొదటి నేర్పు.

ఈ నిబంధనలోనే, చాలామంది దాటిపోయే సంగతి మరొకటి ఉంది. పదకొండు అంశాల్లో ‘అవసరమని భావిస్తే’ అన్న వెసులుబాటు రెండింట్లోనే కనిపిస్తుంది. రెండూ తుపాకులకు సంబంధించినవి. ఒకటి అవతలివాళ్ళ లైసెన్సులు రద్దు చేయడం, ఒకటి దళితులకు, గిరిజనులకు లైసెన్సులు ఇవ్వడం. ప్రాంతాన్ని గుర్తించడంలో ఆ వెసులుబాటు లేదు. కలెక్టరును, ఎస్పీని అక్కడికి పంపి శాంతిభద్రతలు సమీక్షించమనడంలో లేదు. ప్రత్యేక పోలీసు బలగాన్ని దించడంలో లేదు. మూడు నెలలకోసారి మొత్తం సమీక్షించడంలో లేదు. ఆయుధం విషయంలో అధికారి విచక్షణకు చోటిచ్చి, చూపు విషయంలో ఏమాత్రం ఇవ్వలేదు. చూడటం తప్పనిసరి. చూశాక ఏం చేయాలన్నదాంట్లోనే కాస్త సందు. చట్టాలు రాసేవాళ్ళు మామూలుగా ఇందుకు తలకిందులుగా రాస్తారు. 17వ సెక్షన్‌నే చూడండి, అక్కడ ప్రకటించడమే అధికారి ఇష్టం.

తుపాకుల అంశంలో ఒక వివరం నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. గుర్తించిన ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించవచ్చు అంటుంది నిబంధన. అక్కడితో ఆగదు. వాళ్ళ దగ్గరి బంధువులు, పనివాళ్ళు, జీతగాళ్ళు, కుటుంబ స్నేహితులు అని వరసపెడుతుంది. తుపాకీ అయ్యగారి పేరు మీద ఉండి పాలేరు చేతిలో ఉంటుంది. లైసెన్సు అల్లుడి పేరున ఉండి బీరువా మామగారింట్లో ఉంటుంది. ఈ సంగతి చట్టాల పుస్తకాల్లో దొరకదు, ఊళ్ళో దొరుకుతుంది. ఆ వరస రాసిన చెయ్యి ఎవరిదో గానీ, అది ఎప్పుడో ఒకప్పుడు పల్లెటూరి పంచాయితీ దగ్గర కూర్చున్న చెయ్యి.

అలాగని ఆ అంశాన్ని పొగిడి వదలడం న్యాయం కాదు. తుపాకులు బీహారు భూస్వాముల సేనల సంగతి. మన డెల్టాలో గుంపు హింసకు తుపాకీ అక్కరలేదు. చుండూరులో, కారంచేడులో వాడినవి గొడ్డళ్ళు, బరిసెలు, కత్తులు, కర్రలు. మనుషులను చేరవేయడానికి ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు ఉన్నాయి. వాటిలో దేనికీ లైసెన్సు ఉండదు. ఈ రెండు ఊళ్ళ అనుభవంతో రాస్తే, ఒక గుంపు పోగవుతుంటే ఊరి బయట దారులు, కాలువ కట్టలు కాయమని, బండ్లు ఆపమని ఒక అంశం ఉండాల్సింది. అది లేదు. ప్రత్యేక బలగాన్ని దించమన్న పదో అంశంతోనే సరిపెట్టుకున్నారు. బలగం ఎక్కడ నిలబడాలో చెప్పలేదు. చుండూరులోనూ పోలీసులు ఉన్నారు కదా, పల్లెలో ఉన్నారు. చంపింది పొలాల్లో.

ఈ నిబంధనలో నాకు అన్నిటికంటే నచ్చేది దాని పక్షపాతం. ఒకవైపు నుంచి ఆయుధం తీస్తుంది, ఇంకోవైపుకు ఇస్తుంది. ఒకవైపువాళ్ళకే హక్కుల మీద అవగాహన కేంద్రాలు పెట్టమంటుంది, ఆ పనికి స్వచ్ఛంద సంస్థలకు డబ్బు కూడా ఇమ్మంటుంది. రెండు వర్గాలను సమానంగా చూడకపోవడం ఏమిటని అడిగేవాళ్ళు ఉంటారు. సమానంగా చూసే పనిముట్టు మనకు అంతకుముందే ఉంది: 2024 జూలై దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 144వ సెక్షన్. దాని కింద వచ్చే ఉత్తర్వు ఐదుగురు గుమిగూడరాదు అనేది, అందరికీ వర్తించేది. వెలి వేసినవాడికి ఐదుగురు గుమిగూడనవసరం లేదు, ఇంట్లో కూర్చుని కూలికి పిలవకపోతే చాలు. వెలి పడ్డవాడే రక్షణ కోసం పదిమందిలో ఉండాలి. 144 కింద తప్పు వాడిదయ్యేది. రెండు వైపులా చెరి పదిమందిని బైండోవర్ చేయడం, పెద్దల ఇంటి అరుగు మీద శాంతి కమిటీ కూర్చోబెట్టడం, రాజీ కాగితం మీద వేలిముద్రలు వేయించడం మన ఆర్డీవోల, డీఎస్పీల పాత ఆనవాయితీ. రికార్డులో అది నిష్పక్షపాతంగా కనిపిస్తుంది. హింస ఎటు నుంచి ఎటు పారుతుందో చూడకుండా గట్టు రెండువైపులా సమానంగా మట్టి వేయడం అది. మూడో నిబంధన వాలు చూసి గట్టు వేస్తుంది.

చోటును గుర్తించాక ఏమవుతుందన్నది ఈ నిబంధన ఒక్కదానిలోనే చదివితే తెలియదు. నిర్మాణం పూర్తిగా అర్థం కావాలంటే మిగతావి కూడా తిరగేయాలి. ఎనిమిదో నిబంధన రాష్ట్ర రాజధానిలో ఎస్సీ, ఎస్టీ రక్షణ విభాగం పెట్టి, గుర్తించిన ప్రాంతాన్ని సర్వే చేయమంటుంది, నేరానికి దారితీయగల కారణాలను ఆరా తీయమంటుంది, అక్కడివాళ్ళలో భద్రత ఉందన్న నమ్మకం తిరిగి కలిగించమంటుంది. పదోది గుర్తించిన ప్రాంతానికి అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తగ్గని ప్రత్యేకాధికారిని వేయమంటుంది. పదమూడోది మరీ విశేషం. అత్యాచారాలు జరిగే ప్రాంతంలో వేసే అధికారులకు, సిబ్బందికి ఎస్సీ, ఎస్టీల సమస్యల పట్ల సరైన అవగాహన, మనస్తత్వం ఉండేలా ప్రభుత్వం చూడాలట. పాలనలో, పోలీసు బలగంలో అన్ని స్థాయుల్లో, ముఖ్యంగా పోలీసు స్టేషన్ల స్థాయిలో, ఆ వర్గాలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలట. ప్రమాదాన్ని అంచనా వేసేవాడు కూడా ప్రమాదంలో భాగం కావచ్చునని ఒక ప్రభుత్వం తన రాతలోనే ఒప్పుకోవడం అరుదు. 2015లో చట్టాన్ని సవరించినప్పుడు పదో సెక్షన్‌ను కూడా ఇందుకు ముడిపెట్టారు. గుర్తించిన ప్రాంతంలో నేరానికి పాల్పడే అవకాశం ఉందనుకున్న మనిషిని అక్కడి నుంచి బయటకు పంపే ఉత్తర్వు ప్రత్యేక కోర్టు ఇవ్వవచ్చు.

అంటే ఈ తలుపులన్నిటికీ గొళ్ళెం ఒక్కటే, ‘గుర్తించిన ప్రాంతం’ అన్న మాట. అది పడితే సర్వే, ప్రత్యేకాధికారి, బలగం, తగిన సిబ్బంది, బహిష్కరణ ఉత్తర్వు అన్నీ వరసగా తెరుచుకుంటాయి. పడకపోతే ఏదీ తెరుచుకోదు. ఒకే మాట మీద ఇంత బరువు పెట్టి నిలబెట్టడం నేర్పే. నా లెక్కలో లోపం కూడా అక్కడే.

లోపం చెప్పేముందు ఒక పోలిక. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయానికి చెందిన అలానా కుక్, స్టీఫెన్ హార్ట్, రాండల్ క్రాప్ 2013లో ఒక మార్గదర్శిని తెచ్చారు. ముఠాలు, ఉగ్రవాద బృందాలు, మూకలు చేసే హింస ప్రమాదాన్ని అంచనా వేసి, అదుపు చేయడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలకు, పోలీసులకు ఉద్దేశించిన పద్ధతి అది. అందులో ప్రమాదాన్ని నాలుగు అంతస్తుల్లో చూస్తారు. ఒకటి మనిషి, రెండు మనిషికీ గుంపుకీ ఉన్న సంబంధం, మూడు గుంపు, నాలుగు గుంపుకీ సమాజానికీ ఉన్న సంబంధం. మార్కులు వేసి కూడే పని లేదు. ఒక్కో అంతస్తులో ఏం కనిపిస్తుందో రాసుకుని, ఎలాంటి సంఘటన జరగవచ్చో ఊహించి, దాన్ని ఆపడానికి ఏం చేయాలో ఆలోచించాలి. నిఘా ఎలా, కట్టడి ఎలా, దెబ్బతినబోయేవాళ్ళకు రక్షణ ఎలా అన్నవి వేర్వేరుగా రాయాలి.

1991 జూలైలో ఆ పద్ధతి చేతిలో ఉన్న ఆర్డీవో చుండూరు వెళ్ళాడని ఊహించుకుందాం. మొదటి అంతస్తులో పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు, కోపంతో ఉన్న నలుగురు కుర్రాళ్ళు తప్ప. రెండో అంతస్తులో కొంత ఉంటుంది. వెలి పెట్టిన చాలా ఊళ్ళలో కూలికి పిలిచిన రైతుకు కూడా జరిమానా వేసే ఆనవాయితీ ఉంది. ఇష్టం లేనివాడిని కూడా గుంపులో కట్టి ఉంచే తాడు అది. ఆ తాడు ఎంత బిగువుగా ఉందో అడగాలి. మూడో అంతస్తులో గుంపుకు పెద్దలెవరు, ట్రాక్టర్లెన్ని, పక్క ఊళ్ళ బంధువులు వస్తున్నారా అన్నవి. నాలుగో అంతస్తులో అసలు జవాబు ఉంది. 144 ఉండగానే వెలి నడుస్తోంది, దాన్ని ఎవరూ ఆపడం లేదు, అంటే చట్టం తమను తాకదన్న ధీమా గుంపులో పెరుగుతోంది. ఆ ధీమాను కొలిచే గడి ఆర్డీవో రాసే రిపోర్టులో అప్పట్లో లేదు. ఇప్పుడూ లేదు.

మూడో నిబంధనకు లేనిది ఇదే. ‘నమ్మడానికి కారణం’ అంటుంది, ఆ కారణాలేమిటో చెప్పదు. వెలి ఒక కారణమా? దేవుడి ఊరేగింపు దారి మీద తగువు? అంబేడ్కర్ విగ్రహానికి జరిగిన అవమానం? ఇళ్ళ స్థలాల పట్టాల మీద గొడవ? ఎంపిక ఆఫీసుకు వదిలేసింది. అయితే ఒక విషయంలో చట్టం తర్వాత కొంత సర్దుకుంది. 1989 నాటి నేరాల జాబితాలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ లేదు. 2015 సవరణ దాన్ని నేరం చేసింది, 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. చుండూరులో నెల రోజులు వెలిగిన ఎర్రదీపం పాతికేళ్ళకు నేరమైంది. ఇప్పుడు ఎక్కడైనా వెలి పడిందంటే అది కేసు, ఆ ఊరు గుర్తించాల్సిన ప్రాంతమనడానికి రుజువు కూడా అదే.

రెండో లోటు ఇంకా పెద్దది. గుర్తించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. అంటే ఎవరు? విధులు నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉందని నాలుగో సెక్షన్ చెబుతుంది. నిబంధనల్లో చెప్పిన విధులు కూడా అందులో వస్తాయని 2015 సవరణ స్పష్టం చేసింది. శిక్ష పడేది మనిషికి. మూడో నిబంధన మొదటి అంశంలో మనిషి లేడు, ప్రభుత్వం ఉంది. గడువు లేదు. పల్లెవాళ్ళను అడిగి తెలుసుకోవాలన్న మాట లేదు. జాబితాను ప్రకటించాలన్న మాట లేదు. ఇంత జాగ్రత్తగా పనివాళ్ళ దాకా, కుటుంబ స్నేహితుల దాకా వరసపెట్టి రాసిన చెయ్యి, మొదటి అడుగు ఎవరు వేయాలన్న దగ్గర పేరు రాయలేదు. తమ నియోజకవర్గంలో ఊరి పేరు అలాంటి జాబితాలో చూడటం ఏ ప్రజాప్రతినిధికీ ఇష్టం ఉండదు. అధికారికి కూడా అది తన హయాంలో మచ్చ. అందుకే ఏటా పార్లమెంటు ముందు పెట్టే నివేదికల్లో కొన్ని రాష్ట్రాలు ఇన్ని ప్రాంతాలు గుర్తించామంటాయి, కొన్ని తమ దగ్గర అలాంటివేవీ లేవంటాయి.

చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది. కట్టించింది రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. ఆయన గురించి మా వైపు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిపించి తలలు నరికించాడనీ, ఆ పాపం వెంటాడి తిండి సహించక అమరావతిలో శివుణ్ణి కొలుస్తూ గుళ్ళ మీద గుళ్ళు కట్టించాడనీ. మన ప్రభుత్వాలు ఇప్పటికీ ఆ రాజు వరసలోనే నడుస్తున్నాయనిపిస్తుంది. జరిగాక పరిహారం, ఇళ్ళ స్థలాలు, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, విచారణ సంఘం. అవి అక్కరలేదనను, నిబంధనలే వాటిని ఇమ్మంటాయి. కానీ ఆ పని వెనకది, మూడో నిబంధన పని ముందుది. జరిగాక న్యాయం ఎంత దూరం పోతుందో చుండూరే చూపించింది. నేరం జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టడం ఈ చట్టం చరిత్రలో పెద్ద మెట్టు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇరవై మూడేళ్ళ తర్వాత కూడా ఎనిమిది ప్రాణాల లెక్క తేలలేదు. చనిపోయినవాళ్ళను పాతిపెట్టిన చోటును ఊరివాళ్ళు రక్తక్షేత్రం అంటారు, ఏటా ఆగస్టు 6న అక్కడ చేరతారు.

ముందు పనికి దగ్గరగా వచ్చే ఆనవాయితీ మన రాష్ట్రాల్లో ఒకటి ఉంది. నెలనెలా 30వ తేదీన ఏదో ఒక ఊళ్ళో పౌరహక్కుల దినం జరుపుతారు. తహసీల్దారు, పోలీసు అధికారి దళితవాడకు వెళ్ళి, టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి ఉందా, గుడిలోకి రానిస్తున్నారా, మంగలి క్షవరం చేస్తున్నాడా అని అడగాలి. చాలాచోట్ల అది ఫొటో, సంతకం, తిరుగు ప్రయాణంగా మారిందన్నది అందరూ చెప్పే మాట. కానీ దాని ఎముక మంచిది. మూడో నిబంధన రెండో అంశం కలెక్టరును, ఎస్పీని గుర్తించిన ప్రాంతానికి వెళ్ళమంటుంది, ఇది ఇంకా గుర్తించని ప్రాంతానికి మండలాధికారిని పంపుతుంది. ఆ రోజు వాడలో విన్నదాన్ని నమ్మడానికి కారణాలుగా రాసి కలెక్టరుకు పంపే ఒక కాగితం కలిస్తే, మొదటి అంశానికి లేని కళ్ళు వస్తాయి. దానికి కొత్త చట్టం అక్కరలేదు, కలెక్టరు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

జిల్లా స్థాయిలో ఆ కాగితాన్ని చూడటానికి వేదిక కూడా ఉంది. పదిహేడో నిబంధన ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. రాష్ట్రస్థాయి కమిటీకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి, అది జనవరిలో, జూలైలో కూర్చోవాలి. జూలై పెట్టడం కావాలని చేశారో కాకతాళీయమో గానీ, కారంచేడు జరిగింది జూలైలో, చుండూరు పగ రాజుకుంది జూలైలో. డెల్టాలో పని, కూలి, నీళ్ళు, దారి అన్నీ ఒకేసారి తగువులకొచ్చే నెల అది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక చుండూరు, కారంచేడు బాపట్ల జిల్లాలోకి వచ్చాయి, చేబ్రోలు గుంటూరులోనే ఉంది. కాబట్టి ఇప్పుడు అడగాల్సిన కలెక్టరాఫీసులు రెండు. ఈ వ్యాసం చదివినవాళ్ళు ఒక పని చేయండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, జిల్లా ఆఫీసులో ఫీజు పది రూపాయలు. నాలుగు ప్రశ్నలు చాలు. మూడో నిబంధన కింద ఈ జిల్లాలో గుర్తించిన ప్రాంతాలు ఏవి? ఏ కారణాలతో గుర్తించారు? గుర్తించాక కలెక్టరు, ఎస్పీ ఎప్పుడు వెళ్ళారు? కిందటి ఏడాది పదిహేడో నిబంధన కింద కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది? ముప్పై రోజుల్లో జవాబు రావాలి. గుర్తించిన ప్రాంతాలు లేవని జవాబొస్తే, ఎవరు, ఏ తేదీన, దేన్ని చూసి లేవని తేల్చారో అడుగుతూ రెండో దరఖాస్తు పెట్టండి.